ఎడిసన్ - విద్యుత్ వాహనం

థామస్ ఆల్వా ఎడిసన్ పేరు వినగానే మనకు విద్యుద్దీపం, గ్రామఫోను, సినిమా గుర్తుకు వస్తాయి. ఆయన పేరిట అమెరికాలో 1093 పేటెంట్లు ఉన్నాయి. కాని తన యాభై రెండవ ఏట మొదలుపెట్టి పది సంవత్సరాల పాటు ఆయన దేనికోసం శ్రమించాడో తెలిసినవారు తక్కువ. గుర్రం లేని బండిని విద్యుచ్ఛక్తితో నడిపించడానికి తగిన బ్యాటరీని తయారుచేయడానికే ఆయన ఆ పదేళ్ళనూ వెచ్చించాడు. చివరకు బ్యాటరీ సిద్ధమైంది. బండి మాత్రం ఆయన ఆశించినంత దూరం పోలేదు. అందుకు కారణం కొంత ఆ బ్యాటరీలోనే ఉన్నది. అంతకంటె ఎక్కువ భాగం బ్యాటరీకి బయట, ఊళ్ళ మధ్య లేని విద్యుత్ తీగలలో ఉన్నది.

ఎడిసన్ 1847 ఫిబ్రవరి 11వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, మిలన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి శామ్యూల్, తల్లి నాన్సీ. ఏడుగురు సంతానంలో అతడే కడపటివాడు. అతనికి ఏడేళ్ళు వచ్చేసరికి కుటుంబం మిచిగన్ రాష్ట్రంలోని పోర్ట్ హ్యూరన్‌కు తరలిపోయింది. బడిలో చదివినది కొద్ది నెలలు మాత్రమే. పూర్వం ఉపాధ్యాయినిగా పనిచేసిన తల్లి ఇంటివద్దనే చదువు చెప్పింది. చిన్ననాటి నుండి వినికిడి శక్తి తక్కువ. పన్నెండవ ఏట పోర్ట్ హ్యూరన్ - డెట్రాయిట్ నగరాల మధ్య నడిచే రైలులో వార్తాపత్రికలు, మిఠాయిలు అమ్మే పనిలో చేరాడు. ఖాళీ దొరికినప్పుడు సామాను పెట్టెలోనే సీసాలు పెట్టుకుని రసాయన ప్రయోగాలు చేసేవాడు.

1862లో ఒక స్టేషన్ మాస్టరు కుమారుడు రైలు పెట్టెకు ఎదురుగా పట్టాలమీద ఆడుకుంటూ ఉండగా ఎడిసన్ పరుగున పోయి ఆ పసివాడిని కాపాడాడు. అందుకు కృతజ్ఞతగా ఆ తండ్రి అతనికి తంతి విద్య నేర్పాడు. ఆ విద్యతో ఎడిసన్ కొన్నేళ్ళు ఊరూరా తంతి కార్యాలయాలలో పనిచేశాడు. ఆ కాలంలో తంతి వార్తలు పంపడానికి కావలసిన విద్యుత్తు గాజు పాత్రలలో అమర్చిన బ్యాటరీల నుండే వచ్చేది. కాబట్టి విద్యుద్దీపం కంటె ఎంతో ముందే ఆయనకు బ్యాటరీతో పరిచయం ఏర్పడింది. ఆ పరిచయం ఎప్పుడూ సుఖంగా సాగలేదు. లూయీవిల్ నగరంలో పనిచేస్తున్నప్పుడు ఒకనాటి రాత్రి బ్యాటరీతో ప్రయోగం చేస్తుండగా ఆమ్లం ఒలికి, చెక్క నేల సందుల గుండా కింది అంతస్తులోని పై అధికారి గదిలోకి కారింది. మరునాడే ఉద్యోగం పోయింది.

తరువాతి కథ లోకవిదితమే. 1876లో న్యూజెర్సీ రాష్ట్రంలోని మెన్లో పార్కులో ప్రయోగశాల నెలకొల్పాడు. 1877లో ఫోనోగ్రాఫును, 1879లో ఎక్కువసేపు వెలిగే విద్యుద్దీపాన్ని తయారుచేశాడు. అయితే దీపం ఒక్కటే చేతికి వచ్చినంత మాత్రాన ఏ ఇల్లూ వెలగదని ఆయనకు తెలుసు. దీపం వెనుక తీగ ఉండాలి. తీగ వెనుక విద్యుత్తును పుట్టించే యంత్రం ఉండాలి. ఎవరు ఎంత వాడుకున్నారో లెక్క తేల్చే సాధనమూ ఉండాలి. అటువంటిదేదీ అప్పటికి అంగడిలో దొరకదు. సాకెట్టు, ఫ్యూజు, మీటరు, భూమిలో పాతే కేబుల్, డైనమో అన్నింటినీ ఎడిసన్, ఆయన సహచరులు తామే రూపొందించుకోవలసి వచ్చింది. ఎడిసన్ గొప్పతనం దీపంలో కంటె దీపం వెనుక ఉన్న ఈ ఏర్పాటులోనే ఎక్కువగా కనబడుతుంది.

1882 సెప్టెంబరు 4వ తేదీ మధ్యాహ్నం న్యూయార్కు నగరంలోని పెర్ల్ వీధిలో ఆయన కేంద్రం పనిచేయడం ప్రారంభించింది. ఒక్కొక్కటి 27 టన్నుల బరువున్న డైనమోలను ఆవిరి యంత్రాలు తిప్పేవి. తొలినాడు వెలిగినవి సుమారు 400 దీపాలు. మీటరులో రెండు జింకు పలకలు ఒక ద్రావణంలో వేలాడుతూ ఉండేవి. విద్యుత్తు ప్రవహించిన కొద్దీ ఒక పలక మీది జింకు రెండవ పలకకు చేరేది. నెలకొకసారి పలకలను తూచి బిల్లు వేసేవారు. చలికాలంలో ఆ ద్రావణం గడ్డకట్టకుండా మీటరు లోపల ఒక చిన్న దీపాన్ని వెలిగించి ఉంచేవారు. ఒకసారి భూమిలోని తీగ నుండి విద్యుత్తు కారి, తడిసిన వీధిలో అడుగుపెట్టిన గుర్రాలు అదిరిపడి గంతులు వేశాయి. జనం గుంపులుగా చేరి వినోదం చూశారు. రెండేళ్ళు గడిచేసరికి ఆ కేంద్రం నుండి వెలిగే దీపాల సంఖ్య పది వేలు దాటింది.

కాని ఈ ఏర్పాటులో ఒక లోపం ఉన్నది. ఎడిసన్ ఎన్నుకున్నది ఒకే దిశలో పారే ఏకముఖ విద్యుత్తు. దానిని ఆయన సుమారు 110 వోల్టుల వద్ద పంపేవాడు. తక్కువ వోల్టేజితో ఎక్కువ శక్తిని పంపాలంటే తీగలో ప్రవాహం ఎక్కువగా ఉండాలి. ప్రవాహం పెరిగితే తీగ వేడెక్కి శక్తి వృథా అవుతుంది. ఆ వృథాను తగ్గించాలంటే రాగి తీగను మరింత లావుగా చేయాలి. ఆ ఖర్చు భరించరానిది. అందువల్ల కేంద్రం నుండి ఇంచుమించు ఒక మైలు దూరం దాటితే ఆ విద్యుత్తు అక్కరకు వచ్చేది కాదు. ఇందుకు భిన్నంగా క్షణక్షణమూ దిశ మార్చుకునే ఏకాంతర విద్యుత్తును ట్రాన్స్‌ఫార్మరు సహాయంతో అధిక వోల్టేజికి పెంచి, సన్నని తీగల మీద చాలా దూరం పంపి, ఊరి పొలిమేరలో మళ్ళీ తగ్గించుకోవచ్చు. జార్జ్ వెస్టింగ్‌హౌస్ అనే పారిశ్రామికుడు, ఆయన పక్షాన నికోలా టెస్లా ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు. ఎడిసన్ దానిని గట్టిగా వ్యతిరేకించాడు. అది ప్రాణాపాయకరమని ప్రచారం చేయించాడు. ఈ ప్రచారం ఆయన కీర్తికి వన్నె తెచ్చేది కాదు. చివరకు ఆయన కంపెనీయే 1892లో మరొక కంపెనీతో కలిసి జనరల్ ఎలక్ట్రిక్‌గా మారింది. పేరులోనుండి ఎడిసన్ అన్న మాట కూడా తొలగిపోయింది. 1896లో నయాగరా జలపాతం నుండి బఫెలో నగరానికి ఏకాంతర విద్యుత్తే వెళ్ళింది. 1902లో కావేరి మీది శివసముద్రం నుండి సుమారు 92 మైళ్ళ దూరంలో ఉన్న కోలారు బంగారు గనులకు చేరినదీ ఏకాంతర విద్యుత్తే. శివసముద్రానికి విద్యుత్ యంత్రాలను సరఫరా చేసినది ఆ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీయే కావడం గమనింపదగినది.

ఆ రోజులలోనే అమెరికా వీధులలో గుర్రం లేని బండ్లు తిరగడం మొదలైంది. ఆవిరితో కొన్ని, పెట్రోలుతో కొన్ని, విద్యుత్తుతో కొన్ని నడిచేవి. వాటిలో ఏది నిలుస్తుందో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. 1900వ సంవత్సరంలో అమెరికాలో తయారైన కార్లు 4192. అందులో ఆవిరి కార్లు 1681, విద్యుత్ కార్లు 1575. పెట్రోలు కార్లు 936 మాత్రమే. విద్యుత్ కారు శబ్దం చేయదు, పొగ విడవదు, దానికి వాసన ఉండదు. పెట్రోలు కారును నడిపించాలంటే ముందు నిలబడి ఇనుప కడ్డీని చేత్తో బలంగా తిప్పాలి. ఆ కడ్డీ వెనుకకు తన్ని చేతులు విరిగినవారు ఉన్నారు. విద్యుత్ కారుకు ఆ బాధ లేదు. న్యూయార్కులో అద్దెకు తిరిగే విద్యుత్ బండ్లకు ఒక ప్రత్యేక కేంద్రం ఉండేది. అక్కడ శక్తి ఉడిగిన బ్యాటరీని యంత్రంతో బండిలోనుండి తీసి, నిండుగా ఉన్న మరొక బ్యాటరీని కొద్ది నిమిషాలలో అమర్చి పంపేవారు.

ఆ బండ్ల బలహీనత అంతా బ్యాటరీలోనే ఉండేది. అప్పటి బ్యాటరీలో సీసపు పలకలు, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉండేవి. సీసం బరువైన లోహం. బండి కుదుపులకు పలకల మీది పదార్థం రాలిపోయేది. ఆమ్లం చుట్టూ ఉన్నదానినెల్లా తినివేసేది. బ్యాటరీని కొంతకాలం నింపకుండా వదలివేస్తే పనికిరాకుండా పోయేది.

ఎడిసన్‌కు ఇవన్నీ తెలుసు. 1896 ఆగస్టులో న్యూయార్కు సముద్రతీరంలో విద్యుత్ కంపెనీలవారి సమావేశం జరిగింది. డెట్రాయిట్ విద్యుత్ కంపెనీలో పనిచేస్తున్న ముప్పై మూడేళ్ళ ఇంజనీరు ఒకడు ఆ సమావేశానికి వచ్చాడు. అతని పేరు హెన్రీ ఫోర్డ్. అంతకు రెండు నెలల కిందటనే అతడు తన ఇంటి వెనుక షెడ్డులో ఒక పెట్రోలు బండిని తయారుచేసుకున్నాడు. ఆ సంగతి విన్న ఎడిసన్ అతడిని పక్కన కూర్చోబెట్టుకుని వివరాలన్నీ అడిగాడు. ఆ పని విడువవద్దని ప్రోత్సహించాడు. విద్యుత్ బండి ఎప్పుడూ విద్యుత్ కేంద్రాన్ని అంటిపెట్టుకుని తిరగవలసిందేననీ, ఆవిరి బండి బాయిలరును మోయవలసి ఉంటుందనీ, ఫోర్డ్ బండి తన శక్తిని తానే మోసుకుపోతుందనీ ఎడిసన్ చెప్పినట్లు ఫోర్డ్ తరువాతి కాలంలో రాసుకున్నాడు. ఆ క్షణం వరకు తనను ప్రోత్సహించినవారు లేరని కూడా అతడు పేర్కొన్నాడు.

ఇంత స్పష్టంగా చెప్పిన మనిషి మూడేళ్ళు తిరగకుండానే విద్యుత్ బండి కోసం బ్యాటరీ పనికి దిగాడు. ఇది ఆశ్చర్యమే. అంతకు ముందు ఎడిసన్ పేలవమైన ఇనుప ఖనిజం నుండి అయస్కాంతాలతో ఇనుమును వేరుచేసే పరిశ్రమ పెట్టి దాదాపు తన ఆస్తినంతా పోగొట్టుకున్నాడు. అటువంటి సమయంలో, 1899లో, వెస్ట్ ఆరెంజ్ ప్రయోగశాలలో ఈ కొత్త పని మొదలైంది. బండి కేంద్రానికి కట్టుబడి ఉండక తప్పదు. అయితే కట్టిన తాడును పొడవు చేయవచ్చునేమో! తేలికగా, గట్టిగా, ఎక్కువ శక్తిని పట్టి ఉంచే బ్యాటరీ దొరికితే బండి ఒకసారి నింపుకుని రోజంతా తిరిగి రాత్రికి ఇల్లు చేరుతుంది. ఆయన ఆశ అదే.

సీసాన్ని, ఆమ్లాన్ని పూర్తిగా వదలివేయాలని ఆయన మొదటనే నిర్ణయించుకున్నాడు. ఆమ్లానికి బదులు క్షారాన్ని తీసుకున్నాడు. క్షారంలో ఇనుము చెడదు కనుక బ్యాటరీ పెట్టెను ఉక్కుతోనే చేయవచ్చు. కాని ఆ క్షారంలో ఏ రెండు పదార్థాలను ఎదురెదురుగా ఉంచాలి? రాగి, కోబాల్టు, కాడ్మియం ఇలా ఒక్కొక్కటే పరీక్షించారు. ప్రయోగాల సంఖ్య వేలు దాటింది. రాత్రింబగళ్ళు పని సాగేది. చివరకు ఒకవైపు నికెల్ హైడ్రాక్సైడు, మరొకవైపు ఇనుము, మధ్య పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణం అని తేలింది. ఇంచుమించు అదే సమయంలో స్వీడన్ దేశంలో వాల్డెమార్ యుంగ్నర్ అనే శాస్త్రజ్ఞుడు కూడా స్వతంత్రంగా ఇదే దారిలో నడిచాడు. వారిద్దరి మధ్య పేటెంటు వివాదాలు చాలాకాలం సాగాయి. ఎడిసన్‌కు ఉన్న ధనబలం, ప్రచారబలం యుంగ్నర్‌కు లేవు. అందువల్ల ఆయన పేరు మరుగున పడిపోయింది.

1901లో బ్యాటరీ కంపెనీ ఏర్పడింది. కొద్ది కాలానికి బ్యాటరీలు అంగడికి వచ్చాయి. ఎడిసన్ ముందుగానే పత్రికలకు గొప్పగా చెప్పి ఉండడంతో కొనుగోలుదారులు ఎదురుచూస్తూ ఉన్నారు. కాని కొన్ని నెలలు వాడేసరికి కొన్ని పెట్టెల అతుకులు విడిపోయి ద్రావణం కారసాగింది. కొన్నింటిలో శక్తి తగ్గుతూ వచ్చింది. లోపాలు ఉన్నా ఆ బ్యాటరీలే కావాలని అడిగినవారూ ఉన్నారు. అప్పుడు ఎడిసన్ చేసిన పని చెప్పుకోదగినది. ఆయన కర్మాగారాన్ని మూయించాడు. అమ్మిన బ్యాటరీలను వెనుకకు తీసుకున్నాడు. నష్టాన్ని తాను భరించి మళ్ళీ మొదటినుండి పని ప్రారంభించాడు.

రెండవసారి పట్టినది దాదాపు ఐదేళ్ళు. నికెల్ హైడ్రాక్సైడు విద్యుత్తును సరిగా ప్రసరింపనీయకపోవడమే ప్రధానమైన చిక్కు. దానికి ఆయన చేసిన ఉపాయం చిత్రమైనది. ఒక స్తూపం మీద రాగిపూత, దానిపై నికెల్ పూత, మళ్ళీ రాగి, మళ్ళీ నికెల్, ఇలా ఒకదానిపై ఒకటి అనేక పూతలు పెట్టించి, ఆ రేకును చిన్న ముక్కలుగా కోయించి, రాగిని కరిగించి వేశాడు. మిగిలినవి గాలికి ఎగిరిపోయేంత పలుచని నికెల్ పొరలు. సన్నని ఉక్కు గొట్టాలలో ఒక పొర హైడ్రాక్సైడు, ఒక పొర నికెల్ రేకులు చొప్పున కొన్ని వందల పొరలు దట్టించారు. తయారైన బ్యాటరీలను యంత్రాల మీద ఉంచి లక్షలసార్లు ఎత్తి పడవేశారు. బండ్లలో అమర్చి న్యూజెర్సీలోని గతుకుల దారులలో నెలల తరబడి తిప్పారు. 1909లో కొత్త బ్యాటరీ అమ్మకానికి వచ్చింది. అప్పటికి ఎడిసన్‌కు అరవై రెండేళ్ళు. అయిన ఖర్చు పది లక్షల డాలర్లకు మించిపోయింది.

ఈ బ్యాటరీ మాట తప్పలేదు. ఎక్కువ నింపినా, అడుగంటా వాడినా, నెలల తరబడి మరచిపోయినా పాడయ్యేది కాదు. కొన్ని దశాబ్దాల తరువాత కూడా పనిచేసినవి ఉన్నాయి. 1910లో ఎడిసన్ బ్యాటరీలు అమర్చిన కార్లను సుమారు వెయ్యి మైళ్ళ ప్రయాణానికి పంపి పరీక్షించారు. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే కంపెనీ తన కార్లను ఈ బ్యాటరీతో కూడా అమ్మింది. అయితే దానికి అదనంగా 600 డాలర్లు చెల్లించాలి. కొద్ది కాలానికి ఆ 600 డాలర్లకే ఫోర్డ్ కంపెనీవారి మోడల్ టి కారు మొత్తం వచ్చేది. పైగా చలి ఎక్కువైతే బ్యాటరీ శక్తి పడిపోయేది. ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తును ఇవ్వడంలో సీసపు బ్యాటరీయే దీనికంటె మెరుగు.

ఇక బ్యాటరీని నింపడం ఎక్కడ? నగరాలలో అందుకు ఇబ్బంది లేదు. పైగా విద్యుత్ కంపెనీలు ఆ బండ్లను ఆహ్వానించాయి. కారణం సులభంగా గ్రహించవచ్చు. సాయంకాలం అందరూ దీపాలు వెలిగిస్తారు. ఆ రెండు మూడు గంటల అవసరానికి సరిపడా యంత్రాలను కంపెనీ పెట్టుకోక తప్పదు. అర్ధరాత్రి దాటితే ఆ యంత్రాలకు పని ఉండదు. ఆ వేళ బండ్లు విద్యుత్తును నింపుకుంటే కొత్త యంత్రం ఒక్కటీ కొనకుండానే కంపెనీకి ఆదాయం వస్తుంది. ఒకప్పుడు ఎడిసన్ వద్ద కార్యదర్శిగా పనిచేసి, తరువాత షికాగో విద్యుత్ కంపెనీకి అధిపతి అయిన శామ్యూల్ ఇన్సల్ ఈ లెక్కను అందరికంటె బాగా అర్థం చేసుకున్నాడు. యంత్రాలకు రోజంతా పని కల్పించడమే ఆయన వ్యాపార సూత్రం. అయితే ఇందులో ఒక నియమం ఉన్నది. బండ్లన్నీ రాత్రి ఆలస్యంగా నింపుకోవాలి. అందరూ పని ముగించి వచ్చి, దీపాలు వెలిగించే వేళకే బండ్లను కూడా తగిలిస్తే లాభం మాట అటుంచి, ఉన్న యంత్రాలూ తీగలూ చాలవు.

ఈ లెక్క నేటికీ మారలేదు. ఇప్పుడు లిథియం బ్యాటరీలతో విద్యుత్ వాహనాలు మళ్ళీ వచ్చాయి. ఒక వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు ఆ వీధి ఇళ్ళ దీపాలకు, ఫ్యాన్లకు, నీటి మోటార్లకు సరిపడేటట్లు వేసినది. రాత్రి ఏడు గంటలకు ఆ వీధిలోని కార్లన్నీ ఒక్కసారి తగిలిస్తే అది తట్టుకోలేదు. అవే కార్లు రాత్రి రెండు గంటలకో, సూర్యరశ్మితో విద్యుత్తు పుష్కలంగా వచ్చే మధ్యాహ్నమో వంతులవారీగా నింపుకుంటే దానికి భారం ఉండదు.

ఎడిసన్ కాలంలో మరొక తిరకాసు కూడా ఎదురైంది. బ్యాటరీ ఏకముఖ విద్యుత్తును మాత్రమే పుచ్చుకుంటుంది. కాని ఎడిసన్ ఓడిపోయిన తరువాత కొత్తగా వేసిన తీగలలో ఎక్కువ భాగం ఏకాంతర విద్యుత్తువే. దానిని ఏకముఖంగా మార్చడానికి ఇంటింటా ఒక యంత్రం కావాలి. పాదరసపు ఆవిరి నింపిన గాజుబుడ్డితో పనిచేసే అటువంటి సాధనాలు వచ్చాయి గాని, అవి ధనవంతుల ఇళ్ళకే పరిమితమయ్యాయి. నగరం దాటితే ఏ విద్యుత్తూ లేదు. 1930 నాటికి కూడా అమెరికా రైతుల ఇళ్ళలో ఇంచుమించు పదింట ఒక దానికి మాత్రమే విద్యుత్తు ఉండేది. ఒక ఊరినుండి మరొక ఊరికి పోదలచినవాడు దారిలో ఎక్కడ ఆగాలి? పెట్రోలు కారు గలవాడు డబ్బాతో పెట్రోలును వెంట తీసుకుపోవచ్చు. పల్లెలోని దుకాణంలోనూ కొనుక్కోవచ్చు. విద్యుత్తును డబ్బాలో మోసుకుపోవడానికి వీలులేదు. తీగ రావాలి, లేదా బండి తీగ దగ్గరకు పోవాలి. 1896లో ఎడిసన్ ఫోర్డ్‌కు చెప్పిన మాట ఇదే.

దీనికి కూడా ఎడిసన్ ఒక మార్గం ఆలోచించాడు. 1912లో వెస్ట్ ఆరెంజ్‌లో ఒక ఇంటిని అందరికీ చూపించాడు. ఆ ఇంటికి బయటినుండి తీగ లేదు. చిన్న ఇంజనుతో తిరిగే జనరేటరు ఒకటి, తన బ్యాటరీల వరుస ఒకటి ఆ ఇంటికి కావలసిన విద్యుత్తునంతా సమకూర్చేవి. తీగ చేరని పల్లెటూళ్ళలో ప్రతి ఇల్లూ ఇలా తన విద్యుత్తును తానే చేసుకోవాలని ఆయన ఆశించాడు. అయితే అంత ఖర్చు పెట్టగల రైతులు ఎందరు? కలిగినవారికి అది ముచ్చట అయింది గాని, ఊరికి దారి కాలేదు.

ఆ సంవత్సరమే మరొక దెబ్బ తగిలింది. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరుతో కాడిలాక్ కంపెనీ కార్లు వచ్చాయి. ఇనుప కడ్డీ తిప్పే బాధ తీరింది. పెట్రోలు కారుకు ఉన్న పెద్ద లోపం ఒక చిన్న విద్యుత్ మోటారుతో తొలగిపోయింది. ఆ మోటారుకు ఒక్క క్షణంలో చాలా విద్యుత్తు కావాలి. అది సీసపు బ్యాటరీకి అనుకూలమైన పని. ఆ విధంగా ఎడిసన్ తొలగించాలనుకున్న సీసపు బ్యాటరీ పెట్రోలు కారులోనే స్థిరపడింది.

ఫోర్డ్ మాత్రం తన గురువును విడువలేదు. ఎడిసన్ బ్యాటరీతో చవకైన విద్యుత్ కారును తయారు చేస్తామని 1914 జనవరిలో ప్రకటించాడు. ఒకటి రెండు నమూనా బండ్లు తయారయ్యాయి. పనికి తగిన వేగం, బలం వాటికి రాలేదు. కొంతకాలానికి ఆ ప్రయత్నం ఆగిపోయింది. అప్పటికి ఫోర్డ్ కర్మాగారంలో మోడల్ టి కార్లు లక్షల సంఖ్యలో తయారవుతున్నాయి. ఆయన భార్య క్లారా మాత్రం డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారులోనే తిరిగేది! 1912 ప్రాంతంలో ముప్పై వేలకు పైగా ఉన్న విద్యుత్ వాహనాలు ఆ తరువాత క్రమంగా తగ్గిపోయాయి.

అలాగని ఎడిసన్ శ్రమ వ్యర్థం కాలేదు. బండికోసం పుట్టిన బ్యాటరీ మరెన్నో చోట్ల అక్కరకు వచ్చింది. రైల్వే సిగ్నళ్ళు, రైలు పెట్టెల దీపాలు, సరుకులు చేరవేసే నగరపు బండ్లు, గనికార్మికులు తలకు తగిలించుకునే దీపాలు దానితో పనిచేశాయి. చమురు దీపపు మంటకు గనిలోని వాయువు అంటుకుని ఎందరో చనిపోయే రోజులలో ఆ దీపం ఎందరి ప్రాణాలనో కాపాడింది. ఎడిసన్ పెట్టిన వ్యాపారాలలో ఎక్కువ లాభం తెచ్చినవాటిలో బ్యాటరీ కర్మాగారం ఒకటి. 1914 డిసెంబరులో వెస్ట్ ఆరెంజ్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగి చాలా భవనాలు కాలిపోయినప్పుడు, ఆయన మరునాటి నుండే పునర్నిర్మాణానికి పూనుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు అరవై ఏడు.

తీగల సంగతి వేరే మలుపు తిరిగింది. బండ్లు లేకపోయినా దీపాలకు, మిల్లులకు, ట్రాములకు విద్యుత్తు కావలసి వచ్చింది. ఒక్కొక్క వీధికి ఒక్కొక్క కేంద్రం అన్న పద్ధతి పోయి, ఊరిని ఊరితో, నదిని నగరంతో కలిపే గ్రిడ్లు ఏర్పడ్డాయి. మన దేశంలో 2013 డిసెంబరు 31వ తేదీన కర్ణాటకలోని రాయచూరు నుండి మహారాష్ట్రలోని షోలాపూరుకు వేసిన 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణ భారత గ్రిడ్ తక్కిన దేశపు గ్రిడ్‌తో ఏకమైంది. పెర్ల్ వీధి విద్యుత్తు ఒక మైలు దాటలేకపోయింది. ఇప్పుడు ఉత్తరాన పుట్టిన విద్యుత్తు దక్షిణాన ఉన్న ఇంటికి చేరగలదు. కాని ఆ గ్రిడ్‌కు, ఇంటి ముందర ఆగిన బండికి మధ్య ఉన్న చివరి తీగ, చివరి ట్రాన్స్‌ఫార్మరు, దారిలో నింపుకునే కేంద్రం ఇవి ఎక్కడికక్కడ ఏర్పాటు చేసుకోవలసినవే.

ఎడిసన్ 1931 అక్టోబరు 18వ తేదీన వెస్ట్ ఆరెంజ్‌లోని తన ఇంటిలో ఎనభై నాలుగవ ఏట కన్నుమూశాడు. అంత్యక్రియలు జరిగే నాడు ఆయన గౌరవార్థం దేశమంతటా ఒక్క నిమిషంపాటు విద్యుత్తును నిలిపివేయాలన్న ఆలోచన వచ్చింది. అధ్యక్షుడు హెర్బర్ట్ హూవర్ దానిని పరిశీలించి వద్దనుకున్నాడు. దేశం అప్పటికే ఆ విద్యుత్తు మీద ఎంతగా ఆధారపడి ఉన్నదంటే, దానిని ఒక్క నిమిషం ఆపినా ఎక్కడ ఎవరి ప్రాణానికి ముప్పు వస్తుందో చెప్పలేని స్థితి ఏర్పడింది. అందుకు బదులుగా ప్రజలు తమంత తామే దీపాలు ఆర్పవలసిందని ఆయన కోరాడు. అక్టోబరు 21వ తేదీ రాత్రి పది గంటలకు ఎందరో తమ ఇళ్ళలో దీపాలు ఆర్పి ఒక్క నిమిషం చీకటిలో నిలబడ్డారు. విద్యుత్ కేంద్రాలలో యంత్రాలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.